ఆచూకీ చెప్పే దీవి



ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని చూడగలిగే మిస్టరీ నాటకాలు టెలివిజన్‌లో అరుదు. ఒకవేళ ఉన్నా, హత్య జరగనిదే కథ కదలదు. శవం, రక్తం, పోలీసు జీపు, ఆపైన విచారణ. పక్కన ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుని ఉంటే రిమోట్ కోసం వెతుక్కోవాలి. అలా వెతుక్కోనవసరం లేని ఒక కథామాల గురించి ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను. దాని పేరు ‘ది ఫేమస్ ఫైవ్’. రాసినావిడ ఇంగ్లండ్ రచయిత్రి ఈనిడ్ బ్లైటన్. 1942లో మొదటి నవల వచ్చింది, 1963లో చివరిది. మొత్తం 21. వీటిని టెలివిజన్ వాళ్లు ఇప్పటికి ఎన్నోసార్లు తెరకెక్కించారు. 2023 డిసెంబరులో బీబీసీ మరోసారి మొదలుపెట్టింది.

నలుగురు పిల్లలు, ఒక కుక్క. జూలియన్, డిక్, యాన్ తోడబుట్టినవాళ్లు. వాళ్ల చిన్నాన్న క్వెంటిన్ శాస్త్రవేత్త. ఆయన కూతురు జార్జినా. ఆ పేరుతో పిలిస్తే ఆ అమ్మాయి పలకదు, జార్జ్ అనాలి. కుక్క పేరు టిమ్మీ. సెలవులివ్వగానే వీళ్లంతా ఒకచోట చేరతారు. చేరినచోటల్లా ఏదో ఒక గుట్టు బయటపడుతుంది. కథలన్నిటికీ సూత్రం ఇంతే.

మన దగ్గర అపరాధ పరిశోధన అనగానే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ గుర్తొస్తాడు, ఆయన అసిస్టెంటు రాజు గుర్తొస్తాడు. యుగంధర్ ఎవరింటికైనా వెళ్లి ప్రశ్నలడగగలడు. పోలీసులు ఆయన మాట వింటారు. పదకొండేళ్ల పిల్లలకు ఆ అవకాశం ఎక్కడిది? వాళ్లు ఎవర్నీ విచారించలేరు, ఎవరి జేబులూ వెతకలేరు. చెప్పింది నమ్మే పెద్దవాళ్లు కూడా ఉండరు. వాళ్లకున్నవి కాళ్లు, సైకిళ్లు, ఒక చిన్న పడవ, కావలసినంత సెలవు. అందుకని ఇలాంటి కథలో ఆచూకీలు మనుషుల నోళ్లలో కాకుండా నేల మీద, నీటి మీద, రాళ్ల సందుల్లో దొరకాలి. ఊరి చుట్టుపక్కల ఏముందో కాలినడకన తెలుసుకున్న పిల్లలకే అవి కనిపించాలి. ఈ నవలల ప్రాణం అక్కడుందని నా నమ్మకం. టెలివిజన్‌లో ఇవి రక్తికట్టినప్పుడూ, తేలిపోయినప్పుడూ కారణం అక్కడే వెతకాలి.

మొదటి నవలనే తీసుకోండి. ‘ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలండ్’. సముద్రతీరంలో కిరిన్ అనే ఊరు. ఎదురుగా ఒక చిన్న దీవి, దాని మీద పాడుపడ్డ కోట. దీవి చుట్టూ నీళ్లలో మునిగీ మునగని రాళ్లు. ఒడ్డు మీంచి చూస్తే ఇట్టే చేరుకోవచ్చనిపిస్తుంది. పడవ వేసుకు వెళితే ఏ రాయి అడుగు చీలుస్తుందో తెలియదు. ఆ రాళ్ల మధ్య తెడ్డు వేసుకుంటూ దారి తీయడం తెలిసింది జార్జ్‌కి. ఆ పిల్ల మొండిది, కోపిష్టి, ఎవరితోనూ కలవదు. కానీ పడవలో కూర్చుని తెడ్లు పట్టిందంటే మిగతా ముగ్గురూ నోరెత్తకుండా కూర్చోవలసిందే. అంతవరకూ పెద్దరికం చూపించిన జూలియన్ కూడా. ఎవరిది పైచేయి అన్న సంగతి అక్కడ ఒక్క మాట లేకుండా తేలిపోతుంది.

తర్వాత తుఫాను వస్తుంది. ఎప్పుడో జార్జ్ ముత్తాతల నాడు మునిగిపోయిన ఓడ ఒకటి ఆ దీవి దగ్గర సముద్రం అడుగున పడి ఉంది. అందులో బంగారు కడ్డీలు ఉండేవని ఇంట్లో చెప్పుకునే మాట. గజ ఈతగాళ్లు దిగి వెతికినా ఏమీ దొరకలేదు. ఆ రాత్రి అలలు ఓడను అడుగునుంచి పైకెత్తి రాళ్ల మీద కూర్చోబెడతాయి. తెల్లారగట్ల ఇంకా ఎవరూ లేవకముందే పిల్లలు పడవలో వెళ్లి ఓడ ఎక్కుతారు. నాచుతో జారిపోయే చెక్కలు, కుళ్లిన వాసన, వంగిపోయిన మెట్లు. కెప్టెన్ గదిలో ఒక పెట్టె దొరుకుతుంది. ఈ ఘట్టంలో పిల్లలు ఎంత తెలివైనవాళ్లో రచయిత్రి చెప్పదు. తుఫాను సాక్ష్యం బయటపెట్టింది, పొద్దున్నే లేచినవాళ్లకు అది దొరికింది. అంతే.

పెట్టెలో కోట పటం ఉంటుంది. ఇక్కడే బ్లైటన్ నేర్పు చూడాలి. పటంలో ఒక బావి గుర్తు ఉంది. కోట నేల మట్టం నుంచి కింద నేలమాళిగల పక్కగా దిగిపోయే బావి. దీవి మీద గుడారం వేసుకున్నాక టిమ్మీ ఒక కుందేలును తరుముతూ పొదల్లో కప్పబడిపోయిన గోతిలో పడిపోతాడు. అది గొయ్యి కాదు, పటంలోని బావే. బావి దొరికింది గనక నేలమాళిగ ఎటు ఉండాలో లెక్క తేలింది. కథ ముందుకు సాగాక దొంగలు వచ్చి జూలియన్‌నూ జార్జ్‌నూ లోపల బంధిస్తారు. అప్పుడు డిక్ ఆ బావిలోకే దిగి, గోడలోని కంతలోంచి నేలమాళిగలోకి దూరి వాళ్లను విడిపిస్తాడు. మొదట కాగితం మీద గీతగా కనిపించింది, తర్వాత కుక్కకు ప్రమాదమైంది, చివరికి ప్రాణం కాపాడే దారైంది. ఒకే బావికి మూడు పనులు. కథ అల్లడం నేర్చుకునేవాళ్లు ఈ బావిని శ్రద్ధగా చూడాలి.

ఇంకొక్క చిన్న సంగతి చెప్పి ముందుకు వెళతాను. దొంగలు జార్జ్ చేత బలవంతంగా ఒక చీటీ రాయిస్తారు, పైన ఉన్న డిక్‌నూ యాన్‌నూ కిందికి రప్పించడానికి. ఆ పిల్ల వాళ్లు చెప్పినట్టే రాసి, కింద జార్జినా అని సంతకం పెడుతుంది. దొంగలకు అందులో తేడా కనిపించదు. డిక్ ఆ సంతకం చూసి ఆగిపోతాడు. తన పేరు అలా ఎన్నడూ రాసుకోని మనిషి ఇప్పుడెందుకు రాసింది? కథ మొదట్నుంచీ ఆ అమ్మాయిలో మంకుపట్టుగా కనిపించిన గుణం ఇక్కడ ఆచూకీగా మారింది. ఎనిమిదేళ్ల పాఠకురాలు కూడా డిక్ కంటే ఒక్క క్షణం ముందే దీన్ని పట్టుకోగలదు. ఆ క్షణంలో ఆ పిల్లకు కలిగే సంతోషమే ఈ పుస్తకాలను ఇన్నేళ్లు నిలబెట్టింది.

ఈ నవల వచ్చిన కాలాన్ని మరిచిపోకూడదు. 1942 అంటే రెండో ప్రపంచయుద్ధం నడిమధ్య. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో చాలా బీచ్‌లకు ముళ్లకంచెలు వేశారు, ఇసుకలో మందుపాతరలు పెట్టారు. పిల్లలు సముద్రం దగ్గరికి పోయే వీలు లేదు. 1940 నుంచే వెన్న, పంచదార, మాంసం రేషన్. 1942 జులై నుంచి మిఠాయిలకూ రేషన్. అలాంటప్పుడు నలుగురు పిల్లలు స్వేచ్ఛగా పడవ వేసుకుని దీవికి వెళ్లడం, రొట్టెలు, మాంసం ముక్కలు, టమాటాలు, జింజర్ బీరుతో కడుపునిండా తినడం ఆ పేజీల్లో ఉంది. నవలలో యుద్ధం ప్రస్తావనే లేదు. చదివే పిల్లలకు మాత్రం తమకు అందకుండా పోయినవన్నీ ఆ పుస్తకంలో దొరికాయి. ఆ తిండి వర్ణనలను తర్వాతివాళ్లు వెక్కిరించారు. 1982లో చానల్ ఫోర్ మొదలైన రోజునే వీటి మీద ఒక పేరడీ వేశారు. రేషన్ కార్డు పట్టుకుని వరసలో నిలబడ్డ తరానికి ఆ వర్ణనలు ఎంత విలువైనవో తెలిస్తే వెక్కిరించబుద్ధి కాదు.

కిరిన్ కోటకు మూలం డార్సెట్ ప్రాంతంలోని కోర్ఫ్ కోట అని చెబుతారు. 1646లో అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు సేనలు దాన్ని కూల్చేశాయి. ఇప్పటికీ ఆ విరిగిన గోడలు గుట్ట మీద నిలబడి ఉన్నాయి. అయితే అది దీవి కాదు, భూమ్మీదే ఉంది. బ్లైటన్ ఆ కోటను ఎత్తి సముద్రంలో పెట్టుకుంది. ఆ ప్రాంతమంతా ఆవిడకు కొట్టిన పిండి. రాసే పద్ధతి కూడా విశేషమే. పీటర్ మెక్‌కెల్లర్ అనే మనస్తత్వవేత్తకు రాసిన ఉత్తరాల్లో ఆవిడ తన పద్ధతిని వివరించింది. కళ్లు మూసుకుని కూర్చుంటే పాత్రలు మనసులో సినిమా తెర మీద లాగా కదులుతాయట, మాట్లాడతాయట. ఒళ్లో టైప్‌రైటర్ పెట్టుకుని చూసింది చూసినట్టు కొట్టుకుంటూ పోతుందట. ఇలా రాసిన కథలు తెరకు తేలిగ్గా ఎక్కుతాయని ఎవరైనా అనుకుంటారు. అంత తేలిక కాదు.

రేడియో నుంచి మాట్లాడుతూ ఈ మాట దాచడం న్యాయం కాదు. బీబీసీ వాళ్లు ఆవిడ రచనల్ని 1930ల నుంచి 1950ల తొలి సంవత్సరాల దాకా ప్రసారానికి తీసుకోలేదు. సాహిత్య విలువ లేదని తిప్పి పంపేవారు. ఆ అంతర్గత పత్రాలు 2009లో బయటికొచ్చాయి. ఏ సంస్థ అయితే వద్దన్నదో, ఆ సంస్థే 2023లో ఆవిడ కథల్ని పండగ సెలవుల ముందు కానుకగా ప్రసారం చేసింది.

తెర మీద తొలి ప్రయత్నం 1957లో. చిల్డ్రన్స్ ఫిల్మ్ ఫౌండేషన్ వాళ్లు మొదటి నవలను భాగాలుగా తీసి శనివారం పొద్దుటి పిల్లల ఆటల్లో సినిమాహాళ్లలో వేశారు. అసలు టెలివిజన్ సీరియల్ 1978లో వచ్చింది. సదరన్ టెలివిజన్ తీసింది, రెండేళ్లలో 26 భాగాలు. జార్జ్‌గా మిషెల్ గాలఘర్, జూలియన్‌గా మార్కస్ హారిస్, డిక్‌గా గ్యారీ రసెల్, యాన్‌గా జెన్నిఫర్ థానిష్. క్వెంటిన్ పాత్రకు జర్మన్ నటుడు మైకేల్ హింజ్‌ను తెచ్చారు. కథాకాలాన్ని 1970లకు మార్చారు. న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో, అక్కడి నదీతీరాల్లో బయటి వెలుగులో చిత్రీకరించారు. ఈ సీరియల్ అంటే నాకు అభిమానం. పిల్లల మోకాళ్లకు నిజమైన మట్టి ఉంటుంది. గాలికి జుట్టు రేగితే రేగినట్టే వదిలేశారు.

కానీ దానికో లోటు ఉంది. మొదటి నవల హక్కులు అప్పటికే సినిమా వాళ్ల దగ్గర ఉన్నాయి. అందువల్ల సదరన్ వాళ్లు అసలు దీవి కథను తీయలేకపోయారు. పిల్లలు ఒకరికొకరు కొత్తగా పరిచయమయ్యే ఘట్టం లేదు. జార్జ్ తన దీవిని, తన కుక్కను కొత్తవాళ్లతో పంచుకోవడానికి పడే పెనుగులాట లేదు. అది లేకపోవడంతో జార్జ్ కోపం చూసేవాళ్లకు కొంత అకారణంగా కనిపిస్తుంది. హక్కుల కాగితం ఒకటి పాత్ర స్వభావాన్నే మార్చేయగలదని ఈ సీరియల్ చూశాక నాకు బోధపడింది.

1995లో మొదలైన రెండో సీరియల్ ఆ లోటు పూడ్చింది. మూడేళ్లలో 21 నవలలూ తీశారు. కాలాన్ని మళ్లీ 1950ల దగ్గరికి తీసుకుపోయారు. జార్జ్‌గా వేసిన జెమీమా రూపర్ పాత్రను ఒంటబట్టించుకుంది. చాలా నవలలకు ఒక్కో భాగమే ఇచ్చారు. అరగంట కూడా లేని ఆ నిడివిలో ఒక నవల పట్టాలంటే మొదట కోతపడేది ఏమిటి? నడక. కొండెక్కడం, దారి తప్పడం, వాన తగ్గేదాకా గుహలో కూర్చోవడం. దొంగలు ఉంటారు, సొరంగం ఉంటుంది. పిల్లలు ఆ సొరంగం దాకా ఎలా చేరారన్నది పోతుంది. అప్పుడు అదృష్టం కొద్దీ దొరికినట్టుంటుంది తప్ప కష్టపడి పట్టుకున్నట్టు ఉండదు.

2023 నాటి బీబీసీ రూపం దీనికి పూర్తిగా భిన్నం. డెన్మార్క్ దర్శకుడు నికోలస్ వైండింగ్ రెఫ్న్ దీని వెనక ఉన్నాడు. ‘డ్రైవ్’ లాంటి హింసాత్మక చిత్రాలు తీసిన మనిషి పిల్లల కథలకు రావడం అందర్నీ ఆశ్చర్యపరిచింది. మొదట మూడు కథలు, ఒక్కొక్కటి గంటన్నర. జర్మనీ సంస్థ జడ్‌డీఎఫ్ భాగస్వామి. కాలం 1930లు. జార్జ్‌గా డయానా బాబ్నికోవా. ఈసారి జార్జ్ తల్లి నల్లజాతి స్త్రీ. ఆ పాత్ర వేసింది యాన్ అకింజిరిన్. నైరుతి ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ తీసిన దృశ్యాలు కళ్లకు పండగ. గంటన్నర నిడివి ఉండటంతో పిల్లలకు నడవడానికి చోటు దొరికింది. డయానా బాబ్నికోవా కళ్లలో ఆ మొండితనం, ఆ ఒంటరితనం రెండూ కనిపిస్తాయి.

అయితే రెండో కథ రాత్రి రైలులో నడుస్తుంది. బాగానే తీశారు. కానీ నడిచే రైలు అంటే మూసిన గది. అది అగాథా క్రిస్టీ రాజ్యం. అక్కడ పిల్లల సొత్తైన కొండలూ సముద్రమూ ఉండవు, అనుమానితుల ముఖాలే ఉంటాయి. ముఖాలు చదవడం పెద్ద డిటెక్టివుల విద్య. పిల్లల్ని ఆ పెట్టెలో కూర్చోబెట్టగానే వాళ్ల బలం సగం పోతుంది. ఇది నా తీర్పు. ఒప్పుకోని శ్రోతలు ఉండొచ్చు.

ఇంటిల్లిపాదీ చూడదగ్గది అంటే ప్రమాదమే లేనిదని కొందరి అభిప్రాయం. ఈ నవలల్లో ప్రమాదం బోలెడుంది. దొంగల చేతుల్లో తుపాకులున్నాయి, పిల్లల్ని చీకటి గదుల్లో బంధిస్తారు. స్మగ్లింగు, దొంగనోట్లు, శాస్త్రవేత్తల్ని ఎత్తుకుపోవడం, రహస్య విమానాల దొంగతనం కూడా ఉంది. పిల్లలు పరిష్కరించవలసిన హత్య మాత్రం ఉండదు. పిల్ల ధైర్యం చేస్తే దాటగలిగినంత ప్రమాదమే పెడుతుంది రచయిత్రి. భయం వేయాలి, ఆ భయాన్ని తన చేతులతో తాను గట్టెక్కాలి. పెద్దవాళ్లు దూరంగా ఉన్నారు గనక నిర్ణయాలు పిల్లలవే. పొయ్యి వెలిగించేదీ వాళ్లే, కుక్కకు తిండి పెట్టేదీ వాళ్లే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. సంచార జాతులవాళ్లు కనిపిస్తే అనుమానించడం, విదేశీ యాస వినిపిస్తే దొంగ అని తేల్చేయడం, పనివాళ్ల పిల్లల్ని తక్కువగా చూడటం ఆ నవలల్లో కనిపిస్తుంది. గిన్నెలు కడిగే పని ఎప్పుడూ యాన్‌దే. ఇవి చదివి మన పిల్లలు అడిగితే దాటవేయకుండా మాట్లాడాలి. 2010లో ప్రచురణకర్తలు భాషను కొత్తగా మార్చి వేశారు. పాఠకులు ఆదరించలేదు, 2016లో పాత పాఠానికే తిరిగి వెళ్లారు. పుస్తకాన్ని అలాగే ఉంచి, నాటకంలో మార్పు చేయడం మేలైన పద్ధతి. నాటకం ఎలాగూ కొత్త సృష్టే. 2008లో డిస్నీ బొమ్మల సీరియల్‌లో జార్జ్ కూతుర్ని సగం భారతీయురాలిగా చూపించారు. ఆ పిల్ల పేరు జ్యోతి, పిలిచేది జో. కిరిన్ దీవి వారసురాలు మన పేరు పెట్టుకోవడం నాకు సంతోషం కలిగించింది.

ఈ పుస్తకాలు మనకేం కొత్త కాదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో అట్ట నలిగిన ఫేమస్ ఫైవ్‌లు ఎన్ని తరాల చేతులు మారాయో. ఇంగ్లీషులో చదివిన ఆ పిల్లలే పెద్దవాళ్లై ఇవాళ తెలుగు టెలివిజన్‌కు రాస్తున్నారు, తీస్తున్నారు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. దొంగ ఎవరో ముందు ఆలోచించకండి. ముందు చోటు ఎంచుకోండి. గండికోట లోయ ఉంది. కాకినాడ ఎదురుగా హోప్ ఐలండ్ ఉంది, కోరంగి మడ అడవులున్నాయి. బెలూం గుహల్లో ఒక మలుపు తర్వాత పగటి వెలుగు పడదు. అక్కడికి వెళ్లి నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో, ఏ దారి ఎటు పోతుందో అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత నలుగురు పిల్లల్ని ఆ చోట వదలండి. కథ అక్కడే దొరుకుతుంది. గంటన్నర నిడివి ఇవ్వండి, అరగంటలో కుక్కకండి.

శ్రోతలకు కూడా ఒక మాట. ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే ఈ నాటకాల్లో ఏదైనా చూపించే ముందు మొదటి నవల ఒక్కటి చేతికివ్వండి. ఇంగ్లీషు కొంచెం కష్టమైతే పక్కన కూర్చుని తెలుగులో కథ చెబుతూ చదవండి. చీటీ ఘట్టం దగ్గర మాత్రం ముందే చెప్పేయకండి. సంతకంలో ఏముందో వాళ్లే కనిపెట్టనివ్వండి.